వేళ్లు వంకర పోకముందే మందు

మోకాళ్లు అరిగి వచ్చే నొప్పినీ, రుమటాయిడ్ కీళ్లవాతాన్నీ ఒకే గాటన కట్టడం తెలుగునాట మామూలైపోయింది. రెండింటికీ అవే గోలీలు, అదే సూది, అదే తైలం. అరుగుదల సాధారణంగా యాభై దాటాక, బరువు మోసే కీళ్లలో మొదలవుతుంది. నడిచేకొద్దీ నొప్పి పెరిగి, కూర్చుంటే తగ్గుతుంది. రుమటాయిడ్ కీళ్లవాతం ముప్పై, నలభై ఏళ్లవారినీ వదలదు. మగవారికంటే ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ. రెండు చేతుల వేళ్ల మొదళ్లు, మణికట్లు, పాదాల ముందు భాగం కుడి ఎడమల తేడా లేకుండా వాస్తాయి. విశ్రాంతితో తగ్గవు సరికదా, రాత్రంతా పడుకుని లేచాకే ఎక్కువ బిగుసుకుంటాయి. పొద్దున్నే పాలగిన్నెను పట్టకారుతో దించలేక గుడ్డ వేసి రెండు అరచేతుల మధ్య నొక్కి దించడం, జాకెట్టు హుక్కులు పెట్టమని కూతుర్ని పిలవడం, తలుపు గొళ్లెం మణికట్టుతో తోయడం, పదకొండు గంటలకల్లా అదే మనిషి మళ్లీ పనిలోకి దిగడం: జబ్బు తొలిరోజులు ఇలాగే గడుస్తాయి. పొద్దెక్కితే తగ్గుతోంది కదా అని ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. మధ్యాహ్నం ఓపీలో కూర్చున్న డాక్టరుకూ ఆ చేతులు బాగానే కనిపిస్తాయి.

ఇది అరుదైన జబ్బేమీ కాదు. ఢిల్లీ పరిసర గ్రామాల్లో జరిపి 1993లో ప్రచురించిన సర్వేలో పెద్దవాళ్లలో 0.75 శాతం మందికి ఉన్నట్టు తేలింది. వెయ్యిమంది పెద్దలున్న ఊళ్లో ఏడెనిమిది మంది అన్నమాట.

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ చోటు ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, సలుపుతుంది. ఈ నాలుగు గుర్తులనూ రోమన్ రచయిత సెల్సస్ దాదాపు రెండు వేల ఏళ్ల కిందటే రాసిపెట్టాడు. వైద్యులు ఇన్‌ఫ్లమేషన్ అనేది దీన్నే. రక్తనాళాలు వెడల్పై, తెల్లకణాలు దెబ్బతిన్న చోటికి చేరి, సూక్ష్మక్రిములను మింగి, శిథిలాలను ఊడ్చి, పని అయ్యాక వెనక్కి తగ్గడం దాని మంచి రూపం. అది లేకపోతే గాయం మానదు. ఆటోఇమ్యూన్ జబ్బుల్లో వచ్చిన చిక్కల్లా ఆ కణాలు వెనక్కి తగ్గకపోవడమే. రోగనిరోధక వ్యవస్థ సొంత శరీర భాగాన్నే పరాయిదిగా ఎంచుతుంది. ఆ భాగం ఎప్పటికీ అక్కడే ఉంటుంది కనుక దాడికీ అంతం ఉండదు.

కీళ్లవాతంలో ఈ దాడి కీలు లోపలి పలచని పొర మీద జరుగుతుంది. సైనోవియం అనే ఆ పొర ఆరోగ్యవంతుల్లో ఒకటి రెండు కణాల మందమే ఉండి, కీలుకు కందెనలాంటి ద్రవాన్ని అందిస్తుంది. జబ్బు మొదలయ్యాక అందులోకి టి కణాలు, బి కణాలు, మాక్రోఫేజ్‌లు గుంపులుగా చేరతాయి. అవి విడుదల చేసే టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి రసాయనాలు మరిన్ని కణాలను రప్పిస్తాయి. పొర దళసరై, కొత్త రక్తనాళాలు పుట్టించుకుని, మృదులాస్థి మీదికి పాకుతుంది. ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణాలను కూడా ఆ రసాయనాలే ఉసిగొల్పుతాయి. ఎక్స్‌రేలో ఎలుక కొరికినట్టు కనిపించే గుంటలు అప్పుడు పడతాయి. చాలామందిలో ఇవి మొదటి రెండేళ్లలోనే కనిపిస్తాయి. ఒకసారి తినేసిన ఎముకను ఏ మందూ తిరిగి పోయలేదు.

నష్టం కీళ్లతో ఆగదు. ఇంటర్‌ల్యూకిన్-6 ప్రభావంతో కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. అది ఒంట్లో ఉన్న ఇనుమును రక్తం తయారీకి అందకుండా తాళం వేస్తుంది. నెలల తరబడి ఐరన్ మాత్రలు మింగినా హిమోగ్లోబిన్ పెరగని స్త్రీల చేతివేళ్లను ఒకసారి పట్టి చూడటం ఏ ఆరోగ్య కేంద్రంలోనైనా మంచి అలవాటు. ఊపిరితిత్తులు, కళ్లు కూడా దెబ్బతినవచ్చు. ఏళ్ల తరబడి ఆరని ఇన్‌ఫ్లమేషన్ రక్తనాళాల గోడలను పాడుచేస్తుంది కనుక గుండెజబ్బు ముప్పు మిగతావారికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంటుంది.

జబ్బుకు మూలం ఒక్కటే అని చెప్పలేం. కొన్ని జన్యువులు దారి వేస్తాయి, పొగాకు పొగ ఆ దారిలో తోస్తుంది. ఊపిరితిత్తుల్లో పొగ తగిలి రూపం మారిన ప్రోటీన్లకు వ్యతిరేకంగా పుట్టే యాంటీబాడీలు కీళ్లు వాయడానికి కొన్నేళ్ల ముందే రక్తంలో కనిపించగలవు. ఉత్తరాంధ్రలో చుట్టను నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవారికి నోటి క్యాన్సర్ గురించి చెప్పేటప్పుడు కీళ్ల సంగతీ ఒక మాట చేర్చడం ఏమంత కష్టం కాదు.

ఇప్పుడు జరుగుతున్న వైద్యం ఎక్కువగా నొప్పికే. డైక్లోఫెనాక్ వంటి గోలీలు నొప్పిని తగ్గిస్తాయి. ఎముక తినేయడాన్ని ఆపవు. ఎక్కువకాలం వాడితే కడుపులో పుండ్లు, మూత్రపిండాల దెబ్బ అదనం. ఇక స్టెరాయిడ్ కథ వేరు. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్, కదలలేని స్థితిలో ఉన్న ఒక కీళ్లవాతం రోగికి కార్టిసోన్ ఇచ్చాడు. ఆమె కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది. 1950లో హెంచ్‌కూ మరో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికే మరో వాస్తవమూ బయటపడుతోంది: మందు ఆపితే జబ్బు తిరగబెడుతోంది, ఆపకపోతే ముఖం ఉబ్బడం, సుగర్, ఎముకల గుల్లదనం, ఇన్‌ఫెక్షన్లు తప్పడం లేదు. డెబ్బై ఏళ్లు దాటిన ఈ పాఠం ఊళ్లకు ఇంకా చేరలేదు. వారానికో సూదితో మనిషి లేచి పొలానికి వెళుతుంది కనుక, ఆ సూది వేసిన చేతికే మంచిపేరు. పేరు లేని పొట్లాల్లో వచ్చే వాతం పొడుల్లోనూ స్టెరాయిడ్ కలిపి అమ్మడం ఉంది. నెలల తరబడి వాడినవారు హఠాత్తుగా ఆపితే, ఒంట్లో సహజంగా ఊరే కార్టిసోల్ చాలక ప్రాణం మీదికి రావచ్చు. స్టెరాయిడ్‌కు సరైన చోటు లేకపోలేదు. అసలు మందు పని మొదలుపెట్టేలోగా కొన్ని వారాలపాటు, తక్కువ మోతాదులో, డాక్టరు తగ్గించుకుంటూ వచ్చేలా ఇస్తే అది మేలే చేస్తుంది.

ఆ అసలు మందు మెథోట్రెక్సేట్. దాని వంశవృక్షంలో భీమవరం ఉంది. 1895లో అక్కడ పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించాడు. ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌ను తయారుచేసింది, దానికి అడ్డుపడే అమినోప్టెరిన్‌నూ తయారుచేసింది. 1948లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఆ మందుతో పిల్లల ల్యుకేమియాను తాత్కాలికంగానైనా వెనక్కి నెట్టగలిగాడు. అదే ఏడాది సుబ్బారావు కన్నుమూశాడు. 1951లో అమినోప్టెరిన్ కీళ్లవాతం మీదా పనిచేస్తోందని గుబ్నర్ అనే వైద్యుడు ప్రకటించాడు. స్టెరాయిడ్ మోజులో ఆ మాట ఎవరికీ పట్టలేదు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌కు 1980లలో పకడ్బందీ పరీక్షలు జరిగాయి, 1988లో కీళ్లవాతానికి అమెరికాలో అనుమతి వచ్చింది. నేడు ప్రపంచమంతటా మొదట రాసే మందు ఇదే. భారత అత్యవసర మందుల జాబితాలోనూ ఉంది. నెల ఖర్చు కొన్ని వందల రూపాయలు దాటదు.

దీని వాడకంలో ఒక్క విషయం ప్రాణాంతకం. ఈ మాత్ర వారానికి ఒక్కసారే. మోతాదు సాధారణంగా వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. పొరపాటున రోజూ మింగితే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి మరణం సంభవించవచ్చు. చీటీ మీద ఇంగ్లీషు పొడి అక్షరాలు కాకుండా ‘ఆదివారం మాత్రమే’ అని తెలుగులో రాయడం మర్యాద కోసం కాదు, ఆ ప్రమాదాన్ని తప్పించడం కోసం. వేరే రోజున ఫోలిక్ ఆసిడ్ ఇస్తే దుష్ప్రభావాలు తగ్గుతాయి. మొదట్లో తరచుగా, తర్వాత సుమారు మూడు నెలలకోసారి రక్తకణాలు, కాలేయం, క్రియాటినిన్ పరీక్షలు చేయాలి. మద్యం మానాలి. గర్భిణులకు ఇవ్వకూడదు, పిల్లలు కావాలనుకునేవారికి హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజిన్ ఉన్నాయి. మందు గుణం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. సూదితో ఒక్కరోజులో లేచి తిరిగిన మనిషికి ఈ నిరీక్షణ నచ్చదు. నెల తిరగకుండానే పనిచేయలేదని మానేసేవారు అందుకే ఎక్కువ. మందు ఇచ్చేటప్పుడే గడువు చెప్పకపోతే తప్పు వారిది కాదు.

ఒక్క మందు చాలకపోతే ఏమిటన్న ప్రశ్నకూ చవకైన జవాబుంది. 1992లో లండన్‌లో మైని, ఫెల్డ్‌మన్ టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే యాంటీబాడీని రోగులకు ఇచ్చి చూశాక బయలాజిక్ మందుల యుగం మొదలైంది. అవి గొప్ప మందులే. కానీ ఖరీదైనవి, పైగా క్షయ ఎక్కువగా ఉన్న మన దేశంలో ఒంట్లో నిద్రపోతున్న క్షయను లేపగలవు, ముందుగా పరీక్ష లేకుండా ఇవ్వకూడదు. మెథోట్రెక్సేట్ ఒక్కటే చాలనివారిపై అమెరికా, కెనడాల్లో జరిపి 2013లో ప్రచురించిన పరీక్షలో, సల్ఫాసలజిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్‌లను దానికి కలిపి ఇచ్చిన పాత పద్ధతి, ఖరీదైన ఎటనర్‌సెప్ట్ కలిపిన పద్ధతికి తీసిపోలేదు. డబ్బు లేక ఈ వైద్యం పల్లెలకు అందించలేమన్న మాట దీని ముందు నిలవదు.

లోపించింది సమయం. కీళ్లు వాచినవారిని ఆరు వారాల్లోగా కీళ్లవాతం నిపుణులు చూడాలని, జబ్బు ఖాయమైతే మూడు నెలల్లోగా మందు మొదలవ్వాలని యూరప్ వైద్యుల మార్గదర్శకాలు చెబుతాయి. హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. కానీ మారుమూల మండలం నుంచి అక్కడిదాకా వచ్చేసరికి ఆ మూడు నెలలూ, వాటితో పాటు కొన్ని ఏళ్లూ కరిగిపోతాయి. అందుకని జబ్బును గుర్తించే పని ఊళ్లోనే మొదలు కావాలి.

ముప్పై దాటినవారి ఇంటికి ఆశా కార్యకర్త ఫారంతో వెళ్లి బీపీ, సుగర్, క్యాన్సర్ల ముప్పు గురించి అడిగే పద్ధతి ఇప్పటికే ఉంది. కుష్ఠు అనుమానంతో చేతివేళ్ల పట్టు గురించిన ప్రశ్నా అందులో ఉంది. దాని పక్కన ఇంకొక్కటి చేరిస్తే చాలు: పొద్దున్న లేచాక వేళ్లు అరగంటకు మించి బిగుసుకుపోతున్నాయా, ఇలా ఆరు వారాలుగా ఉందా? ఆరు వారాల గీత గీయడానికి కారణం చికున్‌గున్యా. 2005–06లో ఆంధ్రప్రదేశ్‌ను ఊపేసిన ఆ జ్వరం తర్వాతి కీళ్లనొప్పులు చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతాయి. తగ్గనివారిని మాత్రం ‘చికున్‌గున్యా నొప్పులే’ అని ఏళ్ల తరబడి వదిలేయకూడదు. అవునని చెప్పినవారి వేళ్ల మొదళ్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు అడ్డంగా కలిపి మెల్లగా నొక్కి చూడాలి, ఇన్‌ఫ్లమేషన్‌ను చూపే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు చేయించాలి. రక్తంలో రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనే యాంటీబాడీ కనిపించలేదని ఇంటికి పంపకూడదు. రోగుల్లో సుమారు అయిదో వంతు మందిలో అది కనిపించదు. జబ్బు లేనివారిలోనూ కొందరిలో కనిపిస్తుంది. అలవాటుగా రాసే ఏఎస్‌ఓ పరీక్ష ఇక్కడ ఎందుకూ కొరగాదు, అది గొంతునొప్పి తర్వాత పిల్లలకు వచ్చే రుమాటిక్ జ్వరానికి సంబంధించినది.

జిల్లా ఆస్పత్రిలో వారంలో ఒక నిర్ణీత రోజున కీళ్లవాతం క్లినిక్ నడవాలి. జనరల్ మెడిసిన్ డాక్టర్లకు శిక్షణ ఇస్తే, రుమటాలజిస్టు ఫోన్లోనో వీడియోలోనో తోడుంటే అది సాధ్యమే. అక్కడ మొదలైన మందు నెలనెలా సొంత ఊరి ఆరోగ్య కేంద్రంలో, పల్లె దవాఖానాలో దొరకాలి. మెథోట్రెక్సేట్ వంటి మందును అక్కడిదాకా పంపడం ప్రమాదమన్న అభ్యంతరం వస్తుంది. కాలేయానికి హాని చేయగల క్షయ మందులను ఆ కేంద్రాలే ఏళ్లుగా జాగ్రత్తగా ఇస్తున్నాయి. రక్తపరీక్షలు వేళకు జరిగితే ఈ మందునూ అలాగే ఇవ్వవచ్చు.

స్టెరాయిడ్లు చట్టప్రకారం డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందులు. ఔషధ నియంత్రణ అధికారులు వాతం పొడుల నమూనాలు తీసి పరీక్షించి ఫలితాలు ప్రకటించాలి. ఆర్‌ఎంపీలను తిట్టి లాభం లేదు, నొప్పితో ఉన్నవారు ముందు వెళ్లేది వారి దగ్గరికే. ఎవరిని, ఎప్పుడు, ఎక్కడికి పంపాలో వారికి చెప్పి, పంపినవారి పేర్లు నమోదు చేయడం మేలు.

వేళ్లు పూర్తిగా వంకరపోయాక ప్రభుత్వం ఎలాగూ ఖర్చు పెడుతోంది. 40 శాతం వైకల్యం ఉన్నట్టు సదరం సర్టిఫికెట్ వస్తే దివ్యాంగుల పింఛను ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి నెలకు 6,000 రూపాయలు, తెలంగాణలో 2023 నుంచి 4,016 రూపాయలు. ఆ పింఛను అవసరమైనదే, తగ్గించాల్సింది కాదు. అందులో ఒక్క నెల మొత్తంతో, కొత్తగా జబ్బు పడిన ఒక మనిషికి చాలా నెలల మాత్రలు వస్తాయి. రెండు రాష్ట్రాలూ ముందు ఒక్కో జిల్లాలో ఈ గుర్తింపు, వైద్యం పద్ధతిని మొదలుపెట్టి, ప్రతి రోగి పుస్తకంలో రెండు తేదీలు రాయించాలి: వేళ్లు మొదట వాచిన నెల, మెథోట్రెక్సేట్ మొదటి మాత్ర వేసుకున్న రోజు. ఆ రెంటి మధ్య దూరం ఏడాదికేడాది తగ్గుతోందో లేదో జిల్లా వైద్యాధికారి సమీక్షలో చూడాలి.