బావ మస్టాంగ్ వెనక చక్రాల గొడవ

పోయిన నెల మిడ్స్ ముందు రోజు రాత్రి పదకొండింటికి డల్లాస్ నుంచి మా మేనత్త కొడుకు వాట్సాప్ కాల్ చేశాడు. "ఏరా, మెకానికల్ థర్డ్ ఇయర్ కదా నువ్వు, ఒక డౌట్" అన్నాడు. మన బ్రాంచి వాళ్లని చుట్టాలు డౌట్ అడిగారంటే మామూలుగా అది మిక్సీ రిపేరో, స్కూటీ స్టార్ట్ అవ్వకపోవడమో అయ్యుంటుంది. ఈసారి మాత్రం 2016 మోడల్ మస్టాంగ్ జీటీ. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఐదు లీటర్ల వీ8 ఇంజిను, 435 హార్స్ పవర్. "వెనక సస్పెన్షన్ మార్చాలి, రెండు వేల డాలర్లు పక్కన పెట్టా. కారుని 30 మి.మీ. కిందికి దించే స్ప్రింగులు, లావుపాటి యాంటీ రోల్ బార్. బార్ ఆల్రెడీ ఆర్డర్ పెట్టేశా. నువ్వేమంటావ్?"

ఆర్డర్ పెట్టేశాక అడిగేది సలహా కాదు, సర్టిఫికెట్. నేను ఇవ్వలేదు.

ఆ లిస్టు తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. మన దగ్గర బైక్ కొన్నవాడు ముందు సైలెన్సర్ మార్చినట్టే, అక్కడ ఇలాంటి కారు కొన్నవాడు ముందు స్ప్రింగులు మారుస్తాడు. ఫొటోలో కనపడేది అదే మరి. "అసలు బండి నిన్ను ఏం ఇబ్బంది పెడుతోంది బావా?" అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత రెండు చెప్పాడు. ఆగి ఉన్న చోటు నుంచి గట్టిగా తొక్కితే వెనక దడదడమని ఎగురుతుంది. హైవే ఎక్కే ర్యాంప్ మీద మలుపులో చిన్న గతుకు తగిలితే వెనక భాగం ఒక్క క్షణం పక్కకి అడుగేసినట్టు ఉంటుంది. ఈ రెంటిలో ఏదీ స్ప్రింగు మెత్తగా ఉండటం వల్ల వచ్చేదని నాకనిపించలేదు.

మస్టాంగ్ 1964లో మొదలైనప్పటి నుంచి 2014 దాకా, మధ్యలో కోబ్రా లాంటి కొన్ని స్పెషల్ మోడల్స్ తప్పిస్తే, వెనక మన లారీలకి ఉండే పద్ధతే: రెండు చక్రాలనీ కలిపి ఒకటే యాక్సిల్. 2015 మోడల్ నుంచి అన్నిటికీ ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఇచ్చారు. ఇందులో డిఫరెన్షియల్, లింకులు అన్నీ ఒక సబ్‌ఫ్రేమ్ మీద కూర్చుంటాయి. ఆ సబ్‌ఫ్రేమ్‌ని బాడీకి రబ్బరు బుష్‌లతో బిగిస్తారు. రబ్బరు ఎందుకంటే లోపల కూర్చున్నవాడికి చప్పుడు, అదురు తెలియకూడదు కదా. రోజూ ఆఫీసుకి వెళ్లే మనిషికి అది సరైన రాజీయే. కానీ 435 గుర్రాలు ఒక్కసారి లాగితే ఆ రబ్బరు స్ప్రింగులాగా మెలి తిరుగుతుంది, టైరు జారగానే విప్పుకుంటుంది, మళ్లీ పట్టు దొరగ్గానే మెలి తిరుగుతుంది. ఆ దడదడ అదే. దాన్ని అలాగే సాగనిస్తే హాఫ్ షాఫ్టులు విరిగే ప్రమాదం కూడా ఉంది. ఆ బుష్‌ల ఖాళీల్లో బిగించే అల్యూమినియం, పాలీయురెథేన్ ముక్కలు దొరుకుతాయి. పెద్ద ఖరీదేం కాదు, బయటికి కనపడవు, అందుకే ఎవడూ ముందు కొనడు. డిఫరెన్షియల్ బుష్‌లు కూడా గట్టివి వేసెయ్యొచ్చు గానీ గేర్ల కూత క్యాబిన్‌లోకి వచ్చేస్తుంది. రోజువారీ బండికి వద్దన్నాను.

ఇక ఆ బార్ సంగతి. సాలిడ్ బార్ గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుందని మనందరం స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌లో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. ఉదాహరణకి 22 నుంచి 25 మి.మీ.కి వెళ్తే మూడే మిల్లీమీటర్లు, గట్టిదనం మాత్రం 1.67 రెట్లు. వెనక ఒక్కచోటే బార్ గట్టిపడితే మలుపులో లోపలి చక్రం నుంచి బయటి చక్రానికి బరువు మారడం వెనక వైపే ఎక్కువవుతుంది. టైరుని రెట్టింపు నొక్కితే రెట్టింపు పట్టు రాదు, కాస్త తక్కువే వస్తుంది. కాబట్టి వెనక జంట మొత్తం మీద పట్టు తగ్గుతుంది. ముందు చక్రాలతో నడిచే చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో ఇది పనికొచ్చే చిట్కానే, ఎందుకంటే వాటిలో ముందు జారేది ముందు భాగం. ఇక్కడ బండిని తోసేదే వెనక చక్రాలు. వానలో, ర్యాంప్ మీద, వాటి దగ్గరే పట్టు తగ్గించుకుంటావా? ట్రాక్ మీద, మంచి టైర్లతో, ముందు బార్‌తో జత కలిపి వేసేవాళ్ల లెక్క వేరు. బావ ట్రాక్‌కి వెళ్లింది ఇప్పటిదాకా సున్నా సార్లు.

నేనిలా ఆవేశపడటానికి ఒక కారణం ఉంది. పోయినేడు మా ఫార్ములా టీమ్ కారుకి మేమే ఈ పని చేశాం. సీనియర్లు వదిలి వెళ్లిన గట్టి స్ప్రింగులు వెనక వేసి, డ్యాంపర్లు పాతవే ఉంచేశాం. స్ప్రింగు ఒకటిన్నర రెట్లు గట్టిదైతే, డ్యాంపింగ్ రేషియో మారకుండా ఉండాలంటే డ్యాంపర్ సుమారు 22 శాతం బలంగా ఉండాలి. వైబ్రేషన్స్ పేపర్‌లో ఈ లెక్క నేనే చేశాను, గ్రౌండ్‌లో మాత్రం గుర్తు రాలేదు. సిమెంట్ జాయింట్ మీద వెనక భాగం ఒకటికి రెండుసార్లు ఎగిరి, కారు గిర్రున తిరిగి టైర్ల గుట్టకి తగిలింది. నడుపుతున్నది నా రూమ్మేట్. వారం రోజులు మెడకి పట్టీతో క్లాసుకి వచ్చాడు. ఇప్పటికీ వాడు ఒక్క మాట అనలేదు, అదే నాకు కష్టంగా ఉంటుంది.

అందుకని బావకి చెప్పింది ఇదీ: ముందు టైర్ల వయసు చూడు. తర్వాత నాలుగు చక్రాల అలైన్‌మెంట్ చేయించి, ఆ ప్రింటవుట్ నాకు పంపు. ఆ తర్వాతే బుష్‌లు. డబ్బు మిగిలితే మంచి డ్యాంపర్లు. స్ప్రింగుల మాట ఆఖర్న. 30 మి.మీ. దించితే చక్రం పైకి కదలాల్సిన చోటు అంతమేర పోతుంది, మలుపు మధ్యలో బంప్ స్టాప్‌కి కొట్టుకుందంటే వెనక గట్టిదనం ఒక్కసారిగా పెరిగిపోతుంది. క్యాంబర్, టో కూడా మారతాయి, మళ్లీ సెట్ చేయించకపోతే టైర్ల లోపలి అంచులు అరిగిపోతాయి.

"నువ్వు మా అమ్మలా మాట్లాడుతున్నావ్‌రా" అని పెట్టేశాడు.

అత్త నిజంగానే మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసింది. "వాడు ఆ కారుకేదో చేయిస్తాడటరా. అది జారితే ఎలా? నువ్వైనా చెప్పు." మొత్తం వ్యవహారంలో సరైన ఇంజనీరింగ్ ప్రశ్న వేసింది ఆవిడే అనిపించింది నాకు.

రెండు వారాల తర్వాత ప్రింటవుట్ వచ్చింది. వెనక ఎడమ చక్రం టో బయటికి తిరిగి ఉంది. పాత ఓనరు దేనికో గుద్ది సరిగ్గా సెట్ చేయించలేదేమో. అది సరిచేశాక ర్యాంప్ మీద పక్కకి అడుగేయడం దాదాపు పోయిందన్నాడు. సబ్‌ఫ్రేమ్ ముక్కలు పోయిన శనివారం వేయించాడు. దడదడ పూర్తిగా పోలేదు గానీ చాలా తగ్గిందట. రెండు వేలల్లో సగం కూడా అవ్వలేదు. మిగతాది డ్యాంపర్లకి పెడతాడో, ఇంకేదైనా వీడియో చూసి మనసు మార్చుకుంటాడో నేను చెప్పలేను.

యాంటీ రోల్ బార్ మాత్రం ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. రిటర్న్ డేట్ దాటిపోయిందట, దానిక్కూడా నన్నే తిడుతున్నాడు.