వినొచ్చు సరే, రికార్డు చేసిన చేతి సంగతేమిటి?

భార్యతో మాట్లాడిన మాటలను ఆమెకు తెలియకుండా ఫోన్‌లో రికార్డు చేసి, విడాకుల కేసులో సీడీగా సమర్పించాడు బఠిండాకు చెందిన ఒక భర్త. ఫ్యామిలీ కోర్టు సరేనంది. 2021లో పంజాబ్–హరియాణా హైకోర్టు కుదరదంది. చివరికి 2025 జులై 14న జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ సతీశ్ చంద్ర శర్మల సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ సీడీని సాక్ష్యంగా తీసుకోవచ్చని తేల్చింది. దంపతుల మధ్య మాటలకు పాత సాక్ష్యాధారాల చట్టం 122వ సెక్షన్ రక్షణ ఇచ్చినా, వారిద్దరి మధ్యే వ్యాజ్యం నడుస్తున్నప్పుడు ఆ రక్షణ వర్తించదని అదే సెక్షన్ చెబుతోంది. తీర్పుకు అదే ఆయువుపట్టు.

ఇది ఉన్నట్టుండి వచ్చిన మార్పేమీ కాదు. లంచం అడిగిన బొంబాయి కరోనర్ ఫోన్ సంభాషణ టేపును ఆర్.ఎం. మల్కానీ కేసులో సుప్రీంకోర్టు అర్ధ శతాబ్దం కిందటే అంగీకరించింది. అక్రమ సోదాలో దొరికిన కాగితాలనూ పూరణ్‌మల్ కేసులో తోసిపుచ్చలేదు. సాక్ష్యం ఎలా వచ్చిందన్నది కాదు, కేసుకు సంబంధించిందా కాదా అన్నదే మన కోర్టులు మొదట చూసేది.

ఈ సూత్రంలో న్యాయం లేకపోలేదు. లంచం అడిగేవాడు సాక్షులను కూర్చోబెట్టుకుని అడగడు. నాలుగు గోడల మధ్య భార్యను బెదిరించేవాడూ అంతే. 2014 జనవరిలో ఢిల్లీ ప్రభుత్వం అవినీతిపై హెల్ప్‌లైన్ పెట్టి, లంచగొండి మాటలను రికార్డు చేయమని పౌరులకు చెప్పింది కూడా అందుకే. బలహీనుడి పక్షాన నిలబడే సాక్షి ఒక్కోసారి జేబులోని ఫోనే.

చిక్కంతా వేరే చోట ఉంది. తన సంభాషణను తాను రికార్డు చేసుకోవడం, ఇతరుల సంభాషణను చాటుగా పట్టుకోవడం ఒకటి కావు. మొదటి సందర్భంలో, తాను విన్న మాటల గురించి ఆ వ్యక్తి రికార్డింగ్ లేకపోయినా బోనెక్కి చెప్పగలడు. రికార్డింగ్ ఆ జ్ఞాపకానికి రుజువు మాత్రమే. రెండో సందర్భంలో, తనకు చెప్పని మాటను అతడు కాజేస్తున్నాడు.

ఈ తేడాను తెలుగువారి కేసు ఒకటి ఎప్పుడో తెరపైకి తెచ్చింది. అమెరికాలో భార్య ఇతరులతో మాట్లాడిన ఫోన్ సంభాషణలను రికార్డు చేసి, ఆ హార్డ్ డిస్క్‌ను విడాకుల కేసులో పెట్టాలనుకున్నాడు ఒక భర్త. అది చట్టవిరుద్ధమనీ, ఆమె గోప్యతకు భంగమనీ 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. పదమూడేళ్ల తర్వాత, 2020లో, భార్య తన స్నేహితురాలితో మాట్లాడిన మాటల సీడీ ఢిల్లీ హైకోర్టు ముందుకొచ్చింది. జస్టిస్ అనూప్ జైరామ్ భంభానీ దాన్ని అనుమతించారు. వివాద పరిష్కారానికి ఉపయోగపడే దేన్నైనా పరిశీలించే వెసులుబాటు ఫ్యామిలీ కోర్టుల చట్టం 14వ సెక్షన్ ఇస్తోందన్నది అందుకు ఆధారం. రెండు కేసుల్లో జరిగింది దాదాపు ఒకటే, ఫలితాలు మాత్రం ఉత్తర దక్షిణాలు.

ఫోన్ వినాలంటే ప్రభుత్వానికే హోం శాఖ కార్యదర్శి స్థాయి ఉత్తర్వు కావాలి. 1996లో సుప్రీంకోర్టు విధించిన కట్టడి ఫలితమది. ప్రభుత్వానికి లేని స్వేచ్ఛ మొగుడికో పెళ్లానికో ఎక్కడి నుంచి వచ్చింది? 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తులు ప్రాథమిక హక్కుగా ప్రకటించిన గోప్యత పడకగది గుమ్మం దగ్గరే ఆగిపోకూడదు.

మరో సంగతి. సాక్ష్యాన్ని స్వీకరించడం వేరు, నమ్మడం వేరు. 2015లో ‘ఓటుకు నోటు’ ఆడియో టీవీల్లో వినిపించిన సాయంత్రమే జనం ఎవరి తీర్పు వారు ఇచ్చేశారు. కోర్టులో మాత్రం ఆ గొంతు ఎవరిదన్న దగ్గరే విచారణ మొదలవుతుంది. గొంతును గుర్తించాలి, కత్తిరింపులు లేవని తేలాలి, మాటలు స్పష్టంగా వినపడాలి అని 1985లోనే రామ్‌సింగ్ కేసు నిర్దేశించింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఫైలు మారిందో లేదో పట్టించే హ్యాష్ విలువతో ధ్రువపత్రం జతచేయాలి, దానిపై నిపుణుడూ సంతకం పెట్టాలి. కృత్రిమ మేధ ఎవరి గొంతునైనా అనుకరిస్తున్న రోజుల్లో ఈ పరీక్షలను మొక్కుబడి తంతుగా చూడటం ప్రమాదం.

కాబట్టి తలుపులు మూసేయమనడం లేదు, గడప దాటేటప్పుడు లెక్క అడగమంటున్నాను. పనికొచ్చే ముక్క కాకుండా మొత్తం రికార్డింగ్ ఇవ్వాలి. అసలు పరికరాన్నీ అప్పగించాలి. విచారణ రహస్యంగా సాగాలి. ఇతరుల సంభాషణను పట్టుకొచ్చిన కక్షిదారుకు, అందులోని మాటలు నిజమే అయినా, ఖర్చులు విధించాలి. నేరం జరిగి ఉంటే కేసూ పెట్టాలి. అక్రమ సేకరణపై చర్యకు ఢిల్లీ తీర్పు అడ్డు చెప్పలేదు. కానీ ఆ పని బాధితుల ఓపికకు వదిలేయకుండా కోర్టే మొదలుపెట్టాలి. అప్పుడే నిజం దొరికిందన్న సంతోషంలో దాన్ని దొంగిలించిన తీరును మరిచిపోకుండా ఉంటాం.