బడి కబురు చదువురాని ఇంటికీ చేరాలి

యాసంగి నాట్లు పడుతున్న వేళ పక్క పొలం రైతు ఫోన్ పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. బిడ్డ చదివే బడి నుంచి ఇంగ్లీషులో మెసేజ్. మా అబ్బాయితో చదివిస్తే తెలిసింది, గురుకుల ప్రవేశ పరీక్షకు దరఖాస్తు గడువు ముందురోజే ముగిసిందని. ఆ తండ్రి సంతకం తప్ప అక్షరం ఎరగడు. తప్పు ఆయనదా?

2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. మీటింగు కబురే అర్థం కాకుంటే ఆ హక్కు కాగితానికే పరిమితం.

మన పిట్లం మండలంలో తండాలున్నాయి. స్మార్ట్ ఫోన్ లేని ఇండ్లున్నాయి. చూపు, వినికిడి లేని తల్లిదండ్రులూ ఉన్నారు. అందుకే మన సంఘం అడుగుతున్నది ఇది:

- ప్రతి కబురు తేలిక తెలుగులో రాయాలి.
- తండాలకు లంబాడీలో వాయిస్ మెసేజ్ పంపాలి.
- పంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయాలి.
- గడువుకు వారం ముందే డప్పు చాటింపు వేయించాలి.
- చూడలేని, వినలేని వారికి ఇంటికి పోయి చెప్పాలి.

వీటికి పెద్ద ఖర్చు లేదు. వడ్ల కొనుగోలు కేంద్రం తెరిస్తే ఊరంతటికీ తెలుస్తుంది. పిల్లల చదువు అంతకన్నా తక్కువదా? ఈ నెలలోనే మీ ఊరి బడికి పోయి అడగండి.