వేటకు మాఫీ, కొట్టుకు పన్ను

ఆకలికి దుప్పిని కొడితే నేరం. సరదాకి కొడితే క్రీడ. ఆ క్రీడ మీద సొమ్ము చేసుకునే దొరకు పన్ను మాఫీ! ఇదేం న్యాయం అంటారా? స్కాట్లాండులో 22 ఏళ్లు చట్టబద్ధంగా నడిచిన న్యాయం ఇది.

అక్కడి సంగతి మనకెందుకు అనకండి. వినండి.

అక్కడ కొండమీద తిరిగే అడవి దుప్పి ఎవరి సొత్తూ కాదు. కానీ దాన్ని చంపే హక్కు మాత్రం కొండ ఎవరి పేర ఉంటే వాళ్లది. తుపాకీ పట్టుకుని వచ్చే డబ్బున్నోళ్లకి ఆ హక్కుని రోజుల లెక్కన అమ్ముకుంటారు. కొట్టుకి, హోటలుకి అద్దె విలువను బట్టి పన్ను వేసినట్టే ఈ వేట హక్కు మీదా వేసేవాళ్లు. 1995లో జాన్ మేజర్ ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. ఊళ్లో కిరాణా కొట్టువాడు కట్టాలి, వేల ఎకరాల వేట దొర కట్టక్కర్లేదు.

ఆ కొండలేమైనా ఖాళీగా పుట్టాయా? 1814లో స్ట్రాత్‌నేవర్ లోయలో సదర్లాండ్ జమీందారీ మనుషులు రైతుల కొంపలకి నిప్పుపెట్టి వెళ్లగొట్టారు. మనుషుల చోట గొర్రెలొచ్చాయి. ఉన్ని ధర పడిపోయాక దుప్పులొచ్చాయి. ‘దుప్పుల అడవి’ అన్నది పేరుకే, చాలాచోట్ల చెట్టు కూడా ఉండదు. 1887లో లూయిస్ దీవిలో భూమిలేని పేదలు పార్క్ వేట అడవిలోకి గుంపుగా వెళ్లి దుప్పుల్ని కొట్టి, అక్కడే వండుకు తిన్నారు. సర్కారు సైన్యాన్ని దింపింది. నాయకుల మీద కేసు పెట్టింది. 1888 జనవరిలో ఎడింబరోలో జ్యూరీ వాళ్లని నిర్దోషులని వదిలేసింది.

2013లో పార్లమెంటు కమిటీ ముందుకొచ్చిన నివేదిక ప్రకారం అక్కడి ప్రైవేటు గ్రామీణ భూమిలో సగం 432 మంది చేతిలో ఉంది. మాఫీ ఎవరికి దక్కిందో వేరే చెప్పాలా!

2014లో ఈ మాఫీ తీసేస్తామని స్కాట్లాండు ప్రభుత్వం అన్నప్పుడు దొరలు ఏమన్నారు? వేటకాపలా ఉద్యోగాలు పోతాయన్నారు. కూలోడి కడుపు చూపించి దొర తన జేబు కాపాడుకోవడం మనమెరగనిది కాదు. ఆ ఉద్యోగాలు నిజమే, కొద్దిపాటివే అయినా నిజమే. కానీ ఖాళీ చేయించిన లోయల్లో ఎన్ని కుటుంబాలు బతికేవో ఆ లెక్కెందుకు తియ్యరు? 2016లో భూసంస్కరణల చట్టం వచ్చింది, 2017 ఏప్రిల్ నుంచి పన్ను మళ్లీ పడింది. అయితే చిన్న వ్యాపారాలకిచ్చే రాయితీ చాటున చాలామంది మళ్లీ తప్పించుకున్నారు. ముందు తలుపు మూస్తే దొడ్డి తలుపు తెరిచినట్టు.

ఆ మాఫీ రద్దు డబ్బుని ఊరి జనం ఉమ్మడిగా భూములు కొనుక్కునే నిధికి జోడిస్తామని ప్రభుత్వం అంది. ఆ దారి వేసింది జనమే. 1993లో అసింట్ రైతులు చందాలెత్తి దొర ఎస్టేటు కొన్నారు. 1997లో ఎయిగ్ దీవి జనం దీవినే కొన్నారు.

మనదేశంలో 1972 చట్టం వచ్చాక సరదా వేటలు ఆగాయి. మాఫీలు ఆగాయా? వ్యవసాయ ఆదాయానికి కేంద్ర ఆదాయపు పన్ను లేదు. అరెకరం ఉన్నోడికీ, వంద ఎకరాల తోటల ఆసామికీ ఒకటే మాఫీ. సెంటు భూమి లేని కూలి మాత్రం సబ్బుబిళ్ల కొన్నప్పుడల్లా పన్ను కడుతున్నాడు. రేపు గ్రామసభలో లేచి అడగండి: మన ఊళ్లో ఎవరికి ఎంత మాఫీ అయింది, ఏ పేరు మీద?