షక్‌కీ ఒక హిసాబ్ ఉంది

మా ఉర్దూ మీడియం స్కూల్లో లెక్కల పీరియడ్‌ని హిసాబ్ అనేవాళ్ళం. జమ, తఫ్రీక్, జరబ్, తక్సీమ్. ఈ మాట చెప్పడానికి ఆ నాలుగూ చాలు.

1949. దివిసీమ మంగళాపురం చండ్ర రాజేశ్వరరావు లాంటి కమ్యూనిస్టు నేతలు అజ్ఞాతంలో ఉన్న కాలం. మలబార్ పోలీసులు కృష్ణా జిల్లా ఊళ్ళను జల్లెడ పట్టారు. గుడివాడ వైపు ఎలమర్రులో, ఉయ్యూరు పక్క కాటూరులో మగాళ్ళను బట్టలూడదీసి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పారు. దొరకాల్సినవాళ్ళు దొరక్కపోతే, దొరికినవాళ్ళ మీద జుల్మ్.

ఇక హిసాబ్. వెయ్యిమంది ఉన్న ఊళ్ళో పదిమంది దాక్కున్నారనుకోండి. ముఖ్బిర్ మాట నూటికి తొంభైసార్లు నిజం. అంటే పదిమందిలో తొమ్మిదిమందిని పట్టిస్తాడు. మిగతా 990 మందిలో 99 మంది బేగునాలనీ చూపిస్తాడు. మొత్తం 108. పన్నెండుమందిని పట్టుకెళితే అసలువాడు ఒక్కడు!

ఇందులో దోఖా కలపండి. దాక్కున్నవాళ్ళు దొంగ జాడలు వదులుతారు, ఫలానా ఇంట్లో ఉన్నారని పుకారు పుట్టిస్తారు. ముఖ్బిర్ గురి 80కి పడిపోయిందనుకుందాం. అసలువాళ్ళు 8, బేగునాలు 198. ఇరవై ఆరుమందికి ఒక్కడు. దోఖా తిన్నది పోలీసు, దెబ్బ తిన్నది ఊరు. జాడలు వదిలినవాళ్ళకీ ఆ గునాలో హిస్సా ఉంది.

2009లో మోషే క్రెస్, రాబర్టో షెక్ట్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి యుద్ధాన్ని సమీకరణాల్లో పెట్టారు. సరైన ఖబర్ లేకుండా బలం ప్రయోగిస్తే బేగునాలు నలుగుతారు, ఆ కోపమే అవతలివాళ్ళకి కొత్త మనుషుల్ని చేరుస్తుంది. అంధేరేలో తీర్ వేస్తే అంతే మరి.

పాత కథ అంటారా? 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత హైదరాబాద్‌లో ఎందరో ముస్లిం కుర్రాళ్ళని పట్టుకున్నారు. తర్వాత వాళ్ళు నిర్దోషులుగా బయటపడ్డారు. 2012లో ప్రభుత్వమే పరిహారం ఇచ్చింది. ఆ రోజుల్లో బందరు బస్టాండులో మా తమ్ముణ్ణి హైదరాబాద్ బస్సెక్కిస్తూ అమ్మీ అన్న మాట: ‘గడ్డం తీసెయ్ బేటా.’ ఆ భయం ఏ సమీకరణంలో పడుతుంది?

షక్ ఉన్నా ఎవరినీ పట్టుకోవద్దని నేననడం లేదు. ‘విశ్వసనీయ సమాచారం’ అని ప్రెస్‌మీట్‌లో చెప్పినప్పుడల్లా మేం రాసుకుని వచ్చేస్తాం. ఇకనుంచి రెండు సంఖ్యలు అడగాలి. ఎందరిని పట్టుకున్నారు? అందులో ఎందరు బేగునాలని తేలింది? మొదటిది ఎలాగూ వాళ్ళే చెబుతారు. రెండోది చెప్పించడమే ఇన్సాఫ్.