ఐదు అంతస్తులు, ఒకే వాస్తు

మంచం తల ఎటు పెట్టాలన్న దగ్గర మొదలైంది గొడవ. అరవై రెండేళ్లు నిండి ట్రెజరీ ఉద్యోగం నుంచి దిగాక, గ్రాట్యుటీ డబ్బుతో విజయవాడలో రెండు పడగ్గదుల ఫ్లాటు తీసుకున్నాం. గోడకు మేకు కొట్టాలన్నా ఇంటివాళ్లని అడగాల్సిన అద్దెబతుకు అంతవరకూ. అందుకే కర్టెన్ల రంగు మీద మా ఆవిడా నేనూ మూడు రోజులు సుఖంగా పోట్లాడుకున్నాం. ఇంతలో అమెరికా నుంచి అబ్బాయి ఫోను: "నాన్నా, ఒకసారి సిద్ధాంతిగారికి చూపిస్తే పోయేదేముంది?"

పోయేదేమిటో ఆయన వచ్చాక తెలిసింది. సెల్‌ఫోన్లో దిక్సూచి పట్టుకుని గదులన్నీ తిరిగాడు. వంటగట్టు తూర్పుకు తిప్పాలి. హాల్లో అద్దం ఉత్తరం గోడకు మారాలి. స్టోర్ రూం తలుపు మూసేయాలి. ఉత్తరానికి ఉన్న మంచం తల దక్షిణానికి రావాలి. మేస్త్రీ లెక్క కడితే లక్షన్నర దాటింది. చేయించకపోతే? "యజమాని ఆరోగ్యం దెబ్బతింటుందమ్మా" అన్నాడు, మా ఆవిడ వైపు చూసి. ఆ యజమాని ఎదురుగానే నిలబడి ఉన్నా నాతో అనలేదు.

అరవై దాటిన ఇద్దరున్న ఇంట్లో ఏడాది తిరిగేలోపు బీపీయో, షుగరో, మోకాలి నొప్పో పలకరించకుండా ఉంటుందా? వస్తే "ముందే చెప్పానుగా" అంటాడు. రాకపోతే "మార్పులు చేయించారు కాబట్టి" అంటాడు. జమా ఖర్చూ రెండూ ఒకే వైపు వేసుకునే ఇలాంటి బిల్లును నా సర్వీసులో ఒక్కసారి కూడా పాస్ చేయలేదు.

అసలు పరీక్ష మా అపార్టుమెంటులోనే జరుగుతోంది. నీళ్ల పైపులు తిన్నగా దిగాలి కనుక వంటగది కింద వంటగది, బాత్రూం కింద బాత్రూం కట్టారు. మా వరసలో ఐదు ఫ్లాట్లు, ఐదింటికీ ఒకే సింహద్వారం దిక్కు, ఒకే ఈశాన్యం. మొదటి అంతస్తులో బట్టల వ్యాపారి ఈ మధ్యే రెండో కొట్టు తెరిచాడు. రెండో అంతస్తు తలుపు మీద బ్యాంకు నోటీసు. నాలుగో అంతస్తులో పెళ్లయిన పదేళ్లకు కవలలు. ఐదో అంతస్తులో ఎనభై ఎనిమిదేళ్ల పెద్దాయన లిఫ్టు ఎక్కకుండా మెట్ల మీదే వస్తారు. ఆయన కోడలు నలభై దాటకుండానే పోయింది. ఇదంతా ఏకరువు పెడితే మా ఆవిడ ఒక్క మాటతో తేల్చేసింది: "అవి వాళ్ల జాతకాలండీ." వాస్తు పొసగకపోతే జాతకం, అదీ పొసగకపోతే ఖర్మ. వెనక తలుపు లేని నమ్మకం ఉండదు కాబోలు.

ఉత్తరానికి తల పెట్టొద్దనడానికి మా అమ్మ వినాయకుడి కథ చెప్పేది. ఏనుగు ఉత్తరానికి తలపెట్టి పడుకుంది కాబట్టే తల పోయిందట. సిద్ధాంతి కథ వదిలేసి సైన్సు ఎత్తుకున్నాడు: భూమి అయస్కాంతం, రక్తంలో ఇనుము. భూమి అయస్కాంత క్షేత్రం 25 నుంచి 65 మైక్రోటెస్లాలు. ఎమ్మారై యంత్రంలో మామూలుగా ఉండేది 1.5 టెస్లాలు, అంటే 20 వేల రెట్లకు పైమాటే. పోయినేడు నడుం నొప్పికి నన్ను అందులో అరగంట పడుకోబెట్టారు. నా రక్తం ఎటూ పరిగెత్తలేదు. హిమోగ్లోబిన్‌లోని ఇనుము మేకులోని ఇనుములా అయస్కాంతానికి అతుక్కునే రకం కాదు. చెప్పాలంటే అమ్మ కథే నయం, అది కథలాగే ఉంది.

శాస్త్రం, శాస్త్రం అంటారు కదా, అదీ చూద్దాం. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలో ఇళ్ల కొలతలు వర్ణాన్ని బట్టి ఉన్నాయి. బ్రాహ్మణుడి ఇంటి వెడల్పు 32 మూరలు. అక్కడి నుంచి నాలుగేసి తగ్గుతూ శూద్రుడికి 20, చివరికి 16. టేపు తెచ్చి మా ఫ్లాటు కొలిచాను. 24 అడుగులు, సరిగ్గా 16 మూరలు. సిద్ధాంతి ఈ అధ్యాయం ఎత్తనే లేదు. ఎత్తితే ఫీజు రాదు మరి.

పెద్దవాళ్లూ మినహాయింపు కాదు. హైదరాబాదు పాత సచివాలయానికి వాస్తు బాగాలేదని 2015లో తెలంగాణ ముఖ్యమంత్రే అన్నారు. 2023 ఏప్రిల్ 30న కొత్తది ప్రారంభమైంది, డిసెంబరులో ఆ ప్రభుత్వం ఓడిపోయింది. కొత్త భవనం వల్లే ఓడారని నేననను. అంటే నేనూ సిద్ధాంతినే అవుతాను.

గంటన్నర తిరిగిన ఆ మనిషి మా మోకాళ్ల సంగతి అడగలేదు. రాత్రి ఎన్నిసార్లు లేస్తామో అడగలేదు. ఆయన చెప్పినట్టు మంచం తిప్పి నాలుగు రాత్రులు చూశాం. బాత్రూంకి మంచం చుట్టూ తిరిగి వెళ్లాలి, లైటు స్విచ్చి బీరువా వెనక్కి పోయింది. నాలుగో రాత్రి చీకట్లో బాత్రూం గడప తగిలి మా ఆవిడ గోడ పట్టుకుని ఆగింది. బొటనవేలి గోరు లేచిపోయింది. పొద్దున్నే కాఫీ కూడా కలపకుండా, "రండి, మంచం అటు చివర పట్టుకోండి" అంది. తల ఉత్తరానికి వచ్చింది, స్విచ్చి చేతికందింది.

లక్షన్నరలో కొంతతో గరుకు టైల్సు వేయించాం, గడప కొట్టించి నేల సమం చేయించాం. మిగిలింది బాత్రూంలో పట్టుకోడానికి స్టీలు కమ్మీ. మేస్త్రీ డ్రిల్లు పట్టుకుని, అలవాటు కొద్దీ, "ఏ దిక్కున కొట్టమంటారమ్మా?" అని అడిగాడు. మా ఆవిడ కమోడు మూత మీద కూర్చుని, లేవబోతున్నట్టు చెయ్యి చాచి, అరచెయ్యి ఆనినచోట పెన్సిలుతో గీత గీసింది.

"ఇక్కడ."