అనుమతి ముందు, తనిఖీ తర్వాత

పట్టణంలో ఇల్లు కట్టుకునేవారు స్థానిక సంస్థ అనుమతి తీసుకోవాలన్న నియమం పాతదే అయినా, ఆ అనుమతికి దరఖాస్తు పెట్టే తీరు, రుసుము చెల్లించే తీరు గత పదేళ్లలో తెలుగు రాష్ట్రాల్లో దాదాపు గుర్తుపట్టలేనంతగా మారాయి. హైదరాబాద్ మహానగరపాలక సంస్థ 2016లో భవన నిర్మాణ ప్లాన్లను ఆన్‌లైన్‌లో స్వీకరించడం మొదలుపెట్టింది. 2019 నాటి తెలంగాణ మున్సిపాలిటీల చట్టం స్వీయ ధ్రువీకరణకు, అంటే నిబంధనలన్నీ పాటిస్తున్నానని దరఖాస్తుదారే రాసి ఇచ్చే పద్ధతికి, పునాది వేసింది. ఆ పునాది మీద 2020లో ప్రత్యేక చట్టంగా టీఎస్-బీపాస్ వచ్చి, ఆ ఏడాది నవంబర్ 16న దాని పోర్టల్ ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. 2025లో ‘బిల్డ్‌నౌ’ పేరుతో మరో వ్యవస్థ రంగంలోకి దిగి, ప్లాన్ డ్రాయింగును కృత్రిమ మేధ సాయంతో నిమిషాల్లో పరిశీలిస్తోంది. ఆంధ్రప్రదేశ్ కూడా 2025లో, ఎత్తైన భవనాల కోవలోకి రాని నివాస నిర్మాణాలకు స్వీయ ధ్రువీకరణ విధానాన్ని తెచ్చింది. ఈ మార్పుల్లో దరఖాస్తుదారుకు కలిగిన మేలు స్పష్టంగానే కనిపిస్తుంది. అయితే అనుమతికి ముందు అధికారి చేయవలసిన తనిఖీ అనుమతి తర్వాతకు జరిగిందన్న సంగతి, దానితో పాటే బాధ్యత కార్యాలయం నుంచి ఇంటి యజమాని సంతకం మీదికి మారిందన్న సంగతి మీద జరగవలసినంత చర్చ జరగలేదు.

ఈ సంస్కరణల వెనుక రెండు ఒత్తిళ్లు పనిచేశాయి. ఒకటి, టౌన్ ప్లానింగ్ విభాగం చుట్టూ కాళ్లరిగేలా తిరిగిన సామాన్యుడి విసుగు; ఫైలు ఏ బల్ల మీద ఆగిందో తెలియకపోవడం, ఆగిన ప్రతిచోటా చేయి తడపవలసి రావడం ఆ విసుగుకు కారణాలు. రెండోది, సులభతర వాణిజ్యం పేరిట రాష్ట్రాల మధ్య మొదలైన పోటీ. నిర్మాణ అనుమతికి ఎన్ని రోజులు పడుతుంది, ఎన్ని మెట్లు ఎక్కాలి అనేవి ప్రపంచ బ్యాంకు వాణిజ్య సూచీలో ఒక కొలమానంగా ఉండేవి. ఆ నమూనాలోనే కేంద్రం రాష్ట్రాలకు ర్యాంకులు ఇవ్వగా, 2016 ఫలితాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉమ్మడిగా మొదటి స్థానంలో నిలిచాయి. సమాచారంలో అవకతవకలు బయటపడటంతో ప్రపంచ బ్యాంకు 2021లో ఆ సూచీనే నిలిపివేసినా, వేగమే సంస్కరణకు గీటురాయి అన్న ఆలోచన మాత్రం మన పరిపాలనలో పాతుకుపోయింది.

టీఎస్-బీపాస్ చట్టం దరఖాస్తులను స్థలం విస్తీర్ణాన్ని, భవనం ఎత్తును బట్టి విడదీసింది. 75 చదరపు గజాల లోపు స్థలంలో ఒక అంతస్తు లేదా రెండంతస్తుల ఇల్లు కట్టుకునేవారికి అనుమతితో పనిలేదు. పోర్టల్‌లో వివరాలు నమోదు చేసి ఒక్క రూపాయి చెల్లిస్తే చాలు. పేదవాడి గూటికి ప్లాను పేరిట ఎదురయ్యే వేధింపులను ఒక్క వాక్యంతో తొలగించిన ఈ నిబంధన చట్టం మొత్తంలో మెచ్చుకోదగినది. 500 చదరపు మీటర్ల లోపు, అంటే సుమారు 600 గజాల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు మించని నివాస భవనాలకు స్వీయ ధ్రువీకరణ మీద తక్షణ అనుమతి లభిస్తుంది. అంతకు మించిన వాటిని ఏకగవాక్ష విధానంలో, అంటే వివిధ శాఖల నిరభ్యంతర పత్రాలన్నిటికీ ఒకే చోట దరఖాస్తు చేసుకునే పద్ధతిలో, 21 రోజుల్లో తేల్చాలి. ఆ గడువులో అధికారి అవుననీ కాదనీ చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్లే భావించాలని చట్టం చెబుతోంది.

దరఖాస్తు నింపడానికి కూర్చున్న మధ్యతరగతి కుటుంబానికి ఈ పద్ధతి ఎలా ఎదురవుతుందో దగ్గరగా చూడటం అవసరం. స్థలం 200 గజాలు, అంటే దాదాపు 167 చదరపు మీటర్లు అనుకుంటే, రిజిస్టర్డ్ దస్తావేజు, దాని వెనకటి లింకు డాక్యుమెంట్లు, ఈసీ అని అందరూ పిలిచే భారాల ధ్రువపత్రం, స్థలం ఫొటోలు సిద్ధం చేసుకోవాలి. ఎల్‌టీపీగా పిలిచే లైసెన్సు పొందిన సాంకేతిక నిపుణుడి చేత సాఫ్ట్‌వేర్ చదవగలిగే పద్ధతిలో డ్రాయింగు గీయించుకోవాలి. 200 చదరపు మీటర్ల లోపు స్థలంలో ఇంటి ఎత్తు 7 మీటర్లు దాటకపోతే తనఖా అవసరం ఉండదు. అదే కుటుంబం పిల్లల కోసం పైన మరో అంతస్తు వేద్దామనుకుని ఆ ఎత్తు దాటితే, నిర్మిత విస్తీర్ణంలో 10 శాతాన్ని స్థానిక సంస్థకు తనఖా పెట్టవలసి వస్తుంది. ప్లాను ప్రకారమే కట్టారని తేలి, నివాసయోగ్యతా పత్రం, అంటే ఓసీ, చేతికి వచ్చాకే ఆ తనఖా విడుదలవుతుంది. నిర్మాణంలో అతిక్రమణలను అడ్డుకోవడానికి 2012 నాటి భవన నిబంధనల్లో పెట్టిన ఏర్పాటు ఇది.

ఇక రుసుము సంగతి. ఫీజు అనే ఒక్క మాట కింద అనుమతి రుసుము, అభివృద్ధి రుసుము, బెటర్‌మెంట్ చార్జీ, ఖాళీ స్థలం పన్ను, ఇంకుడుగుంత రుసుము వంటి పద్దులు వేర్వేరుగా ఉంటాయి. బెటర్‌మెంట్ చార్జీ అంటే రోడ్డు, మురుగుకాల్వ వంటి సౌకర్యాల వల్ల స్థలానికి పెరిగిన విలువలో స్థానిక సంస్థ కోరే వాటా. నిర్మాణ వ్యయంలో 1 శాతం భవన కార్మికుల సంక్షేమ సెస్సుగా పోతుంది. సొంతంగా ఉండేందుకు కట్టుకునే ఇంటి వ్యయం 10 లక్షల రూపాయల లోపు ఉంటే 1996 నాటి కేంద్ర చట్టం 2025 నవంబర్ వరకు ఆ సెస్సు నుంచి మినహాయింపు ఇచ్చేది. స్థలం అనుమతి లేని లేఅవుట్‌లోనిదైతే, పార్కులకు వదలవలసిన ఖాళీ స్థలానికి బదులుగా స్థలం విలువలో 14 శాతం అదనంగా కట్టాలి. మొత్తం బిల్లులో చాలామందిని కుదిపేసేది ఈ పద్దే. లెక్కలన్నీ తెర మీద కనిపించడం, నెట్ బ్యాంకింగ్‌లోనో చలానా ద్వారానో చెల్లించిన ప్రతి రూపాయికీ రసీదు రావడం నిస్సందేహంగా పెద్ద ముందడుగు. బల్ల కింద నుంచి పోయే డబ్బుకు పద్దు ఉండదు, అడిగే హక్కూ ఉండదు.

అయితే రుసుము కట్టిన వెంటనే అనుమతి పత్రం చేతికి వచ్చినప్పుడు, ప్రభుత్వం అన్నీ చూసే ఇచ్చిందని సామాన్యుడు నమ్మడం సహజం. ఆ నమ్మకం సరైనది కాదు. తక్షణ అనుమతిలో అప్పటికి ఎవరూ స్థలం దగ్గరకు వచ్చి ఉండరు. 21 రోజుల లోపు పరిశీలన జరిపి, చెప్పినవి తప్పని తేలితే అనుమతిని రద్దు చేసే అధికారం కమిషనర్‌కు ఉంటుంది. పైగా నిర్మాణ అనుమతి భూమి మీద హక్కును ధ్రువీకరించదు. సాఫ్ట్‌వేర్ ఎంత చురుకైనదైనా డ్రాయింగును నిబంధనలతో పోల్చగలదే గాని, డ్రాయింగును నేలతో పోల్చలేదు. కాగితం మీద సరిగ్గా ఉన్న సెట్‌బ్యాక్, అంటే ఇంటికీ హద్దుకూ మధ్య వదలవలసిన ఖాళీ, నేల మీద ఉందా లేదా అన్నది టేపు పట్టుకుని వెళ్లిన మనిషి మాత్రమే చెప్పగలడు.

చెరువుల విషయంలో ఈ లోపం మరింత ప్రమాదకరంగా పరిణమిస్తుంది. భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుల హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులు, కుంటల నుంచి 9 మీటర్లు నిర్మాణం లేకుండా వదలాలి. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే హద్దును ఎఫ్‌టీఎల్ అంటారు. ఆ హద్దు ఎక్కడుందో నీటిపారుదల, రెవెన్యూ శాఖలు తేల్చి ప్రకటించనంత కాలం, తన స్థలం అందులో లేదని రాసిచ్చే యజమాని తనకు తెలియని విషయానికి పూచీ పడుతున్నట్టే. 2024 జూలైలో హైదరాబాద్ విపత్తు స్పందన, ఆస్తుల పరిరక్షణ సంస్థ హైడ్రా ఏర్పడి చెరువుల ఆక్రమణల తొలగింపు మొదలైనప్పుడు, తమ దగ్గర అనుమతి పత్రాలు ఉన్నాయని చూపినవారి ఆవేదనకు మూలం ఇక్కడే ఉంది. చెరువులను కాపాడవలసిందే, అందులో రెండో మాట లేదు. కానీ అనుమతికి ముందే ఆ హద్దును సర్వే నంబరుతో ముడిపెట్టి పోర్టల్‌లో అడ్డుకట్ట వేయగలిగిన ప్రభుత్వం, కట్టాక కూల్చడాన్ని మొదటి మార్గంగా ఎంచుకోవడం న్యాయం కాదు.

స్వీయ ధ్రువీకరణలో తప్పు సమాచారం ఇచ్చినవారి కట్టడాలను నోటీసు లేకుండానే కూల్చవచ్చని టీఎస్-బీపాస్ చట్టం చెబుతోంది. కూల్చివేతలపై 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మాత్రం, రోడ్లు, నీటి వనరుల వంటి బహిరంగ స్థలాల్లోని ఆక్రమణలను మినహాయించి, 15 రోజుల ముందస్తు నోటీసు, వాదన వినిపించుకునే అవకాశం లేకుండా ఏ కట్టడాన్నీ కూల్చరాదని నిర్దేశించింది. ఆ తీర్పు వెలుగులో రాష్ట్ర చట్టంలోని ఈ నిబంధనను సవరించడమే సరైన పని. అధికారి ఏది పాటించాలో తేలని స్థితిలో నష్టపోయేది బలహీనుడే. అదే ఏడాది డిసెంబర్ 17న సుప్రీంకోర్టు మరో తీర్పులో, నిర్మాణం సాగుతున్నంత కాలం ఆమోదించిన ప్లానును స్థలం వద్ద ప్రదర్శించాలని, ఓసీ చూశాకే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వాలని, బ్యాంకులు కూడా దాన్ని సరిచూశాకే రుణం మంజూరు చేయాలని ఆదేశించింది.

కొనుగోలుదారు కోణం నుంచి చూస్తే మరో ఖాళీ కనిపిస్తుంది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, వాడుకలో రెరా, 500 చదరపు మీటర్లు మించని స్థలంలోని ప్రాజెక్టులకు నమోదు నుంచి మినహాయింపు ఇచ్చింది. తక్షణ అనుమతికి గీసిన గీత కూడా సరిగ్గా అక్కడే ఉంది. దాంతో కాలనీల సందుల్లో లేచే చిన్న భవనాల మీద అనుమతికి ముందు అధికారి చూపు ఉండదు, అమ్మకానికి ముందు రెరా చూపూ ఉండదు. సొంతానికి కట్టుకునే కుటుంబానికి ఇవ్వవలసిన సౌలభ్యాన్ని, అమ్మడానికి కట్టే వ్యాపారికి అదే కొలతతో ఇవ్వడం విధాన రూపకర్తలు పునరాలోచించవలసిన విషయం.

ఇంగ్లండ్‌లో ఇదే పని మరో దారిలో సాగుతుంది. 2002లో మొదలైన ప్లానింగ్ పోర్టల్ ద్వారా దరఖాస్తు పెట్టేవారు రుసుమును అక్కడే చెల్లిస్తారు, అది అందాకే దరఖాస్తు స్థానిక కౌన్సిల్‌కు చేరుతుంది. సొంత ఇంటికి చేసే మార్పుల దరఖాస్తుకు రుసుమును 2025 ఏప్రిల్‌లో 528 పౌండ్లుగా నిర్ణయించారు. చిన్న దరఖాస్తును తేల్చడానికే ఎనిమిది వారాల గడువు ఉండగా, మన 21 రోజులతో పోలిస్తే అది నత్తనడకే. అయితే ఆ వారాల్లో ప్లాను కౌన్సిల్ వెబ్‌సైటులో అందరికీ కనిపిస్తుంది, ఇరుగుపొరుగుకు సమాచారం వెళ్తుంది, అభ్యంతరం ఉన్నవారు రాతపూర్వకంగా తెలపవచ్చు. మన పద్ధతిలో పొరుగువాడికి ఆ స్థానం లేదు. గోడ లేచాక ఫిర్యాదు చేయడమే అతనికి మిగిలిన దారి. ఇంగ్లండ్ ఆలస్యాన్ని అరువు తెచ్చుకోనక్కరలేదు గాని, ఆ బహిరంగత మాత్రం మనకు కావాలి.

అందువల్ల రెండు తెలుగు ప్రభుత్వాలూ వెంటనే చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. తక్షణ అనుమతి పొందిన ప్రతి ప్లానునూ, దాని మీద 21 రోజుల్లో జరిగిన పరిశీలన ఫలితాన్నీ, పరిశీలించిన అధికారి హోదాతో సహా ప్రజలు చూడగలిగేలా పోర్టల్‌లో పెట్టాలి. గడువులో పరిశీలన జరగకపోతే ఆ బాధ్యత యజమాని నెత్తిన కాక సంబంధిత అధికారి మీద పడేలా నిబంధన రాయాలి. స్వీయ ధ్రువీకరణ పత్రాన్ని సంతకం పెట్టేవారికి అర్థమయ్యే తెలుగులో, శిక్షల వివరాలతో, చెల్లింపు తెరకు ముందే చూపాలి. ఇల్లు కట్టుకునేవారు కూడా ఎల్‌టీపీ చేతిలో పాస్‌వర్డు పెట్టి ఊరుకోకుండా, ఆ పత్రాన్ని చివరి వరకు చదివి, స్థలానికి దగ్గరలోని చెరువు హద్దును, మాస్టర్‌ప్లాన్ రోడ్డును స్వయంగా సరిచూసుకున్నాకే రుసుము చెల్లించాలి. ఆ పత్రంలోని ప్రతి మాటకూ చట్టం ముందు జవాబుదారీ వారే.